ఏకవాక్య కల్లుశాస్త్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఇచ్చట స్వచ్ఛమైన ఈత, తాటి కల్లు దొరుకును.

అవతారిక

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఊరు దాటగానే రోడ్డు పక్కన రేకుమీదనో గోడమీదనో కనిపించే ఏకవాక్య గ్రంథం ఇది. కర్త ఎవరో తెలియదు. 2016లో ఈ రెండు పాత జిల్లాలూ ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ పేర్లతో కొత్త జిల్లాలు వచ్చినా గ్రంథపాఠంలో ఒక్క అక్షరం మారలేదు.

ఇదే కోవలో ఫ్రాన్సులో ఇంకో గ్రంథం ఉంది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ కోరితే, బోర్డో నగరపు సారాయి దళారులు అక్కడి ఎర్ర ద్రాక్షసారాయి తోటలను ధరను బట్టి 5 తరగతులు చేశారు. మొదటి తరగతిలో లాఫిత్, లాతూర్, మార్గో, ఓబ్రియోఁ అని 4 పేర్లు రాశారు. 1973లో ముతోఁ అనే అయిదో పేరు ఎక్కింది. 118 ఏళ్లలో ఆ తరగతికి జరిగిన సవరణ అదొక్కటే. మన గ్రంథానికి తరగతులు లేవు, ఉన్నది ఒక్క విశేషణం. అందులోనే చిక్కంతా ఉంది కనుక టీకా అవసరమైంది.

అన్వయక్రమం

ఇచ్చట, ఈత తాటి, కల్లు, దొరుకును, స్వచ్ఛమైన. మూలంలో రెండోదిగా ఉన్న ‘స్వచ్ఛమైన’ను చివరికి జరపడం దోషం కాదు. తగాదా ఉన్న పదాన్ని తీరిగ్గా విప్పడం వ్యాఖ్యాతల ఆచారం.

ప్రతిపదార్థం

ఇచ్చట: ఈ చోట. అనగా బోర్డు నిలిచిన చోట కాదు, దాని వెనక చెట్లు నిలిచిన చోట.

బోర్డో సారాయికి నేలే ప్రాణమంటారు. నదికి ఎడమ ఒడ్డున మెదోక్‌లో గులకరాళ్ల నేల. నీరు నిలవదు, రాయి పగటి వేడిని దాచుకుంటుంది. అక్కడ కాబెర్నే సోవిన్యోఁ ద్రాక్ష పండుతుంది. ఆ సారాయి కొత్తలో నాలుక పీక్కుపోయేంత వగరు. ఏళ్లు గడిస్తే దేవదారు చెక్క వాసన, చెక్కిన పెన్సిలు వాసన వస్తాయి. కుడి ఒడ్డున పొమెరోల్‌లో బంకమట్టి. అక్కడ మెర్లో ద్రాక్షది రాజ్యం, సారాయి మెత్తన. బర్గండీ ఎర్ర సారాయికి పీనో న్వార్ ఒక్కటే రకమైనా, గట్టు దాటితే రుచి మారిందంటారు. అక్కడి రోమనే కోంతి తోట విస్తీర్ణం 1.8 హెక్టార్లు, మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. తెలంగాణలో కల్లు గీసే గౌండ్ల సొసైటీలకు ఈత, తాటి వనాల కోసం ఊరికి 5 ఎకరాలు ఇవ్వాలని చెప్పే 560 నంబరు జీవో ఉంది. కాగితం మీద చూస్తే, లోకంలోకెల్లా ఖరీదైన ద్రాక్షతోటల్లో ఒకదానికంటే మన ఊరి గౌండ్ల వనానికే అర ఎకరం ఎక్కువ.

నేల పేరును సీసామీద అచ్చువేయడం ఫ్రాన్సు పద్ధతి. చెట్టు పేరును ఊరికే పెట్టుకోవడం మన పద్ధతి. శంకరపట్నం మండలంలో తాడికల్, జగిత్యాల పక్కన తాటిపల్లి, మానకొండూరు మండలంలో ఈదులగట్టెపల్లి, మానేరు అవతల తాడిచెర్ల, హుజూరాబాద్ దగ్గర ఇప్పల నర్సింగాపూర్. తాడికల్‌లోని ‘కల్’ అంటే కల్లేనని కొందరు వ్యాఖ్యాతలు సంబరపడతారు. కల్ అంటే రాయి కూడా కాబట్టి ఆ సంబరం వ్యాకరణం ఒప్పుకున్నంతవరకే.

ఆక్షేపం: సీసామీది పేరు సముద్రాలు దాటుతుంది, ‘ఇచ్చట’ అనే మాట బోర్డు దాటదు కదా. సమాధానం: నిజమే. సర్వనామానికి ఎదురుగా మనిషి నిలబడితేనే అర్థం. కల్లూ అంతే, తాగేవాడు చెట్టు దగ్గరికి పోవాలి తప్ప చెట్టు తాగేవాడి దగ్గరికి రాదు.

ఈత, తాటి: ఇది ద్వంద్వం. రెండూ సమానం, రెండూ వేరు. మధ్యలోని కామాను గౌరవించాలి. రెంటినీ ఒకే బింకిలో, అనగా ఒకే కల్లుకుండలో, పోస్తే కామా పోయిందని గ్రహించాలి.

తాటిచెట్టును గీయరు, దాని గెలను గీస్తారు. పోతుతాడుకు వచ్చే పొడుగాటి గొలలను మెదిపి, కట్టగట్టి, కొసను పలచగా చెక్కి లొట్టి, అనగా ఊట పట్టే కుండ, కడతారు. పండుతాడుకైతే కాయ ముదరకముందే గెలకు కత్తి తగలాలి. ముంజలు కావాలంటే కల్లు వదులుకోవాలి, కల్లు కావాలంటే ముంజలు వదులుకోవాలి. ఎక్కినప్పుడల్లా కాగితమంత పొర చెక్కకపోతే గాయం ఆరి ఊట ఆగిపోతుంది, మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. అందుకే గీత కత్తికి పదును ఎంత ముఖ్యమో, చేతికి పొదుపు అంత ముఖ్యం.

ఈతకు గీత మెడమీద. ఒక పక్క మట్టలు కొట్టేసి, మొవ్వు కింది మెత్తటి భాగాన్ని చెక్కితే అక్కడినుంచి ఊట లొట్టిలోకి జారుతుంది. ఈ ఏడు ఒకవైపు గీస్తే మరుసటేడు రెండోవైపు గీస్తారు. పాత ఈతచెట్టు మాను ఎడమకో మెట్టు, కుడికో మెట్టుగా వంకరటింకరగా కనిపించేది అందుకే. ఆ మెట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు గీతకు లోబడిందో తెలుస్తుంది. సీసామీద ఒక్క ఏడాది అంకె ఉంటుంది, ఈత మానుమీద అన్ని ఏళ్లూ చెక్కి ఉంటాయి.

గుణభేదం: ఈతకు చలికాలం బలం, తాటికి ఎండాకాలం వైభవం. ఈత చలువ, తాటి ఘాటు అని తాగేవాళ్ల తీర్పు.

కల్లు: కళ్ అనే ద్రావిడ ధాతువు. తమిళం, మలయాళం, కన్నడాల్లోనూ ఇదే మాట. ఇంగ్లీషువాళ్ల ‘టాడీ’ హిందీలో తాటికల్లుకు పేరైన ‘తాడీ’ నుంచి పోయినదే. ఆ లెక్కన ‘ఈత టాడీ’ అంటే ఈతచెట్టు తాటికల్లు అని అర్థం వస్తుంది. దొరల భాషకు అంతకంటే పట్టింపు లేదు.

పాఠాంతరం: కొన్ని బోర్డులమీద ‘స్వచ్ఛమైన కళ్ళు’ అని ఉంటుంది. ఇది లేఖకదోషమా, కంటి ఆసుపత్రి ప్రకటనా అనే సందేహం ఆ పక్కన బింకి కనిపించగానే తీరుతుంది. ‘కల్ల’ అనే పాఠం ఇంతవరకు దొరకలేదు. దాని సంగతి ‘స్వచ్ఛమైన’ దగ్గర వస్తుంది.

వస్తునిర్ణయం: చెట్టు నుంచి జారేది తీపినీరు. అందులో నూటికి పది, పదిహేను పాళ్ల దాకా చక్కెర. గాలిలోనివీ, నిన్నటి లొట్టిలో మిగిలినవీ అయిన ఈస్టు కణాలు లొట్టి నిండకముందే పని మొదలుపెడతాయి. కొన్ని గంటల్లో నురగ, పులుపు, నూటికి నాలుగైదు పాళ్ల మత్తు. రోజు తిరిగేసరికి అది పుల్లనీరుగా, ఆపైన సిర్కాగా మారుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టు లేవదు. అప్పుడు దించేది కల్లు కాదు, నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచింది దానికోసమే. మూలంలో ఆ మాట లేదు కనుక దాని విస్తరణ అనవసరం.

బోర్డోలో సారాయిని 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర, రెండేళ్లు పండబెట్టి, సీసాలో ఇంకో పదో ఇరవయ్యో ఏళ్లు దాస్తారు. అక్కడ లెక్క సంవత్సరంతో, ఇక్కడ లెక్క పూటతో. పొద్దటి కల్లు తీపి, పిల్లల దగ్గర కూడా పరువు నిలుపుతుంది. మాపటి కల్లు కడక్, బోటికూర పక్కన లేకుంటే కోపగించుకుంటుంది. రామగుండం ఎండలో తీపి నుంచి పులుపుకు పోయే దారి దగ్గర. రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు జారే ఆదిలాబాద్ పూస మాసంలో అదే దారి దూరం. ఫ్రాన్సువాళ్లు ఫలానా ఏడు మంచి ఏడు అంటారు. ఇక్కడివాళ్లు ‘ఇయ్యాల కల్లు మంచిగున్నది’ అంటారు. రెండూ ఒకే శాస్త్రం. రెండోదానికి నేలమాళిగ అక్కర్లేదు.

పాత్ర విషయం: స్ఫటికపు గ్లాసుకు బదులు తాటాకు రేక. దాన్ని మడిచి రెండు చేతులా పట్టుకుంటే, పోసేవాడు పైనుంచి ధార కడతాడు. ధార తెగేదాకా తల ఎత్తడానికి వీల్లేదు. వాసన చూసి, గ్లాసు తిప్పి, కాసేపు ఆలోచించే సౌకర్యం ఈ పాత్రలో లేదు.

దొరుకును: లభించును, కలదు అని పాఠాంతరాలు. ‘అమ్మబడును’ కంటే ‘దొరుకును’ ఉచితం, ఎందుకంటే దొరకడంలో దొరకకపోవడమూ ఇమిడి ఉంది. పొద్దెక్కి పోయినవాడికి ఖాళీ లొట్టి దొరుకును.

ఈ క్రియకు కర్త లోపించాడు. కల్లు తనంతట తాను చెట్టు దిగి దొరికినట్టు వాక్యం నడిచింది. ఆ లోపాన్ని పూరించడం టీకాకారుడి విధి: గీత కార్మికుడు ఎక్కి దించగా, అని చేర్చుకోవాలి. నడుముకు ముస్తాదు, దానికి కత్తులు. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టిన మోకు. పాదాలకు గుజి. మోకును మూరెడు పైకి ఎగరేసి, వెనక్కి వాలి, గుజి బిగించి కాళ్లు పైకి లాక్కుంటాడు. మళ్లీ మోకు, మళ్లీ కాళ్లు. అరవై, డెబ్భై అడుగుల తాడు తలకు చేరాక ఒక చేత్తో మట్ట పట్టుకుని రెండో చేత్తో ఆ కాగితమంత పొర చెక్కాలి. తర్వాత నిండు లొట్టితో దిగాలి. ఇది ఒక చెట్టు సంగతి, పూటకు ఇలాంటివి ఎన్నో. మోకు జారి పడి చనిపోయినవాళ్లు, నడుము విరిగి మంచాన పడ్డవాళ్లు గౌండ్ల వాడ ప్రతిదానిలోనూ గుర్తుంటారు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం పడకుండా ఆపే సాధనాలను కాటమయ్య రక్షణ కవచం పేరుతో పంచడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌండ్ల కులదైవం. అంతకుముందు కాపాడే పని పేరుకు దేవుడిది, నిజానికి మోకుది.

హక్కుల విభాగంలో రెండు మార్గాలు. సొసైటీగా కూడి గీసేది ఒకటి, గీసేవాడికే విడిగా చెట్ల లైసెన్సు ఇచ్చేది రెండోది. రెండింటిపైనా ఆబ్కారీ శాఖ కన్ను ఉంటుంది. ఆబ్కారీ పారసీ మాట, ఆబ్ అంటే నీరు. చెట్టు నుంచి జారే నీటికి ఇంతకంటే సరిపోయే శాఖ పేరు దొరకదు.

అనుక్తార్థం

మూలంలో చెప్పని వస్తువు ఒకటుంది, ఇప్ప. ఆదిలాబాద్ అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారకముందే ఇప్పపూలు నేల రాలుతాయి. చెట్టెక్కే పని లేదు, గంపతో ఏరుకోవడమే. ఎండబెడితే నెలల తరబడి నిలుస్తాయి. గోండులు, కొలాముల ఇళ్లలో అది తిండి, దేవతల ముందు ధారపోసే సారా కూడా. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. కల్లు పులిసేది, ఇప్పసారా వండి దించేది. అందుకే బోర్డు దాన్ని తలవదు, చట్టం వల్లా తలవదు. మూడింటిలో కాలాన్ని దాచుకోగలిగింది మాత్రం బోర్డుకెక్కనిదే.

వివాదపదం: స్వచ్ఛమైన

విశేషణం ఊరికే రాదు. నీలి కలువ అన్నామంటే తెల్ల కలువ కూడా ఉందని ఒప్పుకున్నట్టు. వేడి నిప్పు అని ఎవరూ అనరు, చల్లని నిప్పు లేదు కనుక. ఈ న్యాయం ప్రకారం ‘స్వచ్ఛమైన కల్లు’ అనగానే స్వచ్ఛం కానిది ఎక్కడో ఉందని బోర్డే సాక్ష్యం చెబుతోంది. ఉంది. దాని పేరు మందు కల్లు.

మందు అంటే వైద్యుడిచ్చేది, దుకాణంలో పోసేది, చేనుకు కొట్టేది అని మూడర్థాలు వాడుకలో ఉన్నాయి. బోర్డో అనే ఊరు ఈ ప్రాంతపు రైతుకు తెలిసింది మూడో అర్థంతోనే. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం 1885 ప్రాంతంలో అక్కడి ద్రాక్షకు పట్టిన బూజు తెగులు కోసం పుట్టి, జగిత్యాల మామిడితోటల దాకా వచ్చింది. సారాయి రాలేదు, దాని తోటకు కొట్టే మందు వచ్చింది. మందు కల్లులోది నాలుగో అర్థం. చెట్లు చాలక, గిరాకీ ఆగక, నీళ్లలో చక్కెర బదులు శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపితే అదీ తెల్లగానే నురగ కక్కుతుంది. అలవాటుపడ్డవాడికి ఒకరోజు అది అందకపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, పొంతన లేని మాటలు వస్తాయి. చెట్టు కల్లు మితంగా తాగి మానేసినవాడికి సాధారణంగా అలా కాదు, మనసు లాగుతుందంతే. కల్లుకూ కల్లకూ మధ్య కొమ్ము ఒక్కటే తేడా అని పాఠాంతరం దగ్గర ఆపిన మాట ఇక్కడ పూర్తవుతుంది.

పూర్వపక్షం: అయితే ‘స్వచ్ఛమైన’ అని రాసిన ప్రతిచోటా స్వచ్ఛమైనదే ఉంటుందా? సిద్ధాంతం: రాతతో తేలదు. ఫ్రాన్సులో ఏ నేల, ఏ రకం ద్రాక్ష, సీసాలో ఏం పోశారు అని చూడటానికి చట్టం ఉంది, సీసా మీద నమ్మకం దానివల్ల. ఇక్కడ చెట్టూ, ఎక్కేవాడూ, లొట్టీ కళ్లముందే ఉంటాయి, నమ్మకం చూపువల్ల. అందుకే ఊళ్లవాళ్లు ‘స్వచ్ఛమైన’ అనే మాటే వాడరు, ‘చెట్టు కల్లు’ అంటారు. విశేషణం గుణాన్ని చెప్పి ఊరుకుంటుంది, వాళ్ల మాట అది పుట్టిన చోటును వేలెత్తి చూపిస్తుంది. చెట్లకు దూరమై పట్నంలో దుకాణం పెట్టినప్పుడే ‘స్వచ్ఛమైన’ అవసరం పడుతుంది.

తాత్పర్యం

ఈ చెట్ల కింద, ఈ పూట, మోకు వేసి ఎక్కిన ఒక మనిషి ఈతనుంచి ఈతదీ తాటినుంచి తాటిదీ విడివిడిగా దించిన, ఇంకేమీ కలపని కల్లు, అతడు క్షేమంగా దిగినంతవరకు, మిగిలినంతవరకు దొరుకును.

విశేషం

వాడుక ఉన్న ఇల్లు ఈ గ్రంథం చదవదు, ఏ చెట్టు లొట్టి ఏ పూట దిగుతుందో దానికి తెలుసు. గ్రంథం దారినపోయేవాడి కోసం. అతడు బోర్డు చదివాక తల కొంచెం పైకెత్తి, వెనక చెట్లకు లొట్లు కట్టి ఉన్నాయా లేదా అని చూసుకుంటే వ్యాఖ్యతో అవసరం తీరిపోతుంది.