కొత్తేముంది రావుగారు

వీడియో గేములు ఆడే ప్రతి బృందంలోనూ ఒక కొత్తేముంది రావుగారు ఉంటారు. వయసు పద్దెనిమిది కావచ్చు, నలభై ఎనిమిది కావచ్చు. తాను ఆడిన తుపాకీ ఆటకి స్టాండలోన్ ఎక్స్‌పాన్షన్ వస్తోందని, అంటే అసలు ఆట కొనకపోయినా విడిగా ఆడుకోగలిగే కొసరు ఆట ఒకటి తయారైందని తెలియగానే, కుర్చీలో వెనక్కి వాలి, "ఇంతకీ కొత్తేముంది ఇందులో?" అంటారు. అది జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదు. ఏమీ లేదన్న తీర్పు ఆయన దగ్గర ఎప్పుడో రాసిపెట్టి ఉంది, తేదీ వెయ్యడమే తరువాయి. అయినా విచారణలో లోపం ఉండకూడదు కనుక ట్రైలర్‌ని ఆపి ఆపి చూస్తారు. కొత్త తుపాకులెన్ని, కొత్త శత్రువులెన్ని రకాలు, ఎన్ని గంటల ఆట అని లెక్క తీస్తారు. ధరని గంటలతో భాగించి, గంటకి ఎంత పడుతుందో పైసలతో సహా చెబుతారు. ఇదే రావుగారు అసలు ఆటని నాలుగుసార్లు, అదే మ్యాపులో, అదే తుపాకీతో, అదే గోడ చాటున నక్కి ఆడినప్పుడు మాత్రం కొత్తదనం లోటు ఆయనకి ఏ కోశానా తగల్లేదు.

రావుగారిని చూసి నవ్వడం తేలికే గానీ, ఆయన జాబితా పూర్తిగా పనికిరానిదేం కాదు. 2001లో గేర్‌బాక్స్ వాళ్లు హాఫ్-లైఫ్ ఆటకి బ్లూ షిఫ్ట్ అనే కొసరు విడుదల చేశారు. కథానాయకుడు అసలు ఆటలోలా శాస్త్రవేత్త కాదు, అదే పరిశోధన కేంద్రంలో కాపలా కాసే బార్నీ కాల్హూన్. ఊహగా చూస్తే ముచ్చటైనదే: అక్కడ జరిగే మహా విపత్తుని చిన్న ఉద్యోగి కళ్లతో చూడటం. కానీ అందులో కొత్త తుపాకీ లేదు, కొత్త శత్రువు లేడు, నిడివి కూడా బాగా తక్కువ. పైగా ముఖ్యమైన లోపం ఇంకొకటుంది. బార్నీ యూనిఫాం మారిందే తప్ప ఆడేవాడి చేతి అలవాటు మారలేదు. కాపలాదారుగా డ్యూటీ ఎక్కిన మనిషి కాసేపట్లోనే అసలు ఆట హీరో చేసిన పనులే చేస్తుంటాడు. ఇక్కడ రావుగారి తీర్పు కొట్టిపారేయలేం. కాకపోతే ఆయన తప్పు పట్టింది తుపాకుల సంఖ్యని, అసలు తప్పు ఉన్నది అలవాటులో.

ఆయన జాబితా పూర్తిగా బోల్తా పడే చోటు హేలో 3: ఓడీఎస్‌టీ. 2009లో బంగీ సంస్థ తెచ్చిన ఈ ఆట కూడా మొదట ఎక్స్‌పాన్షన్‌గా అనుకున్నదే. జాబితా ప్రకారం చూస్తే చేతికి అందిన కొత్త ఆయుధాలు సైలెన్సర్ బిగించిన రెండు తుపాకులు, అంతే. కానీ తీసేసినవి చూడండి. హేలో ఆటల హీరో మాస్టర్ చీఫ్ లేడు. ఆయనకుండే కవచపు రక్షణ లేదు. దెబ్బ తగిలితే మందు పెట్టె ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి. న్యూ మొంబాసా అనే నగరంలో, వాన పడుతున్న రాత్రి, పేరైనా తెలియని ఒక కొత్త సైనికుడు తన దళం ఏమైందో ఆనవాళ్లు ఏరుకుంటూ ఒంటరిగా తిరుగుతాడు. వెనక సాక్సోఫోన్ దిగులుగా వినిపిస్తూ ఉంటుంది. హేలో 3లో ఎదురుపడగానే మీదికి దూకి కొట్టిన శత్రువునే ఇక్కడ చూసి పక్క సందులోకి తప్పుకోవాల్సి వస్తుంది. శత్రువు పాతవాడే, భయం కొత్తది. తీసివేతతో వచ్చే ఈ కొత్తదనం కూడికలు మాత్రమే తెలిసిన రావుగారి లెక్కకి అందదు.

"అలా అయితే బ్లడ్ డ్రాగన్ సంగతేంటి? అది ఫార్ క్రై 3కి రంగు వేసి అమ్మడమే కదా?" అని రావుగారు ఎదురు ప్రశ్న వేస్తారు. మంచి ప్రశ్నే. అసలు ఆట వచ్చిన కొన్ని నెలలకే, 2013లో యూబీసాఫ్ట్ విడుదల చేసిన ఈ కొసరులో ద్వీపమంతా నియాన్ దీపాల మయం. వీడియో క్యాసెట్ల కాలం నాటి యాక్షన్ సినిమాల మీద వెటకారం. హీరో సగం యంత్రం, అతనికి గొంతు ఇచ్చింది ది టెర్మినేటర్‌లో నటించిన మైకేల్ బీన్. ఏప్రిల్ ఒకటో తారీఖు దగ్గర్లో ప్రకటించడంతో చాలామంది అది జోకే అనుకున్నారు. కింద పునాది మాత్రం పాతదే: శిబిరం చుట్టూ తిరుగు, చాటుగా చంపు, స్వాధీనం చేసుకో. కళ్లలోంచి కాంతి కిరణాలు చిమ్మే డ్రాగన్‌ని శత్రు శిబిరం మీదికి ఉసిగొల్పడం ఒక్కటే చెప్పుకోదగ్గ కొత్త సరదా. ఇదే యాభై గంటలు సాగితే జోకు పాచిపోయేది. సాగలేదు. నిన్నటి దోసెల పిండి మీద ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లి ఊతప్పం వేస్తే ఎవరూ పిండి పుట్టుపూర్వోత్తరాలు అడగరు, వేడి వేడిగా రెండు తిని లేస్తారు. కొసరు ఆటకి పొట్టితనం లోపం కాదు, అదే దాని రక్ష.

ఆడేవాడి అలవాటు మారిందా అన్న కొలతతో 2015 నాటి వుల్ఫెన్‌స్టైన్: ది ఓల్డ్ బ్లడ్‌ని చూస్తే ఒకే ఆటలో రెండు తీర్పులు దొరుకుతాయి. స్వీడన్‌లోని మెషీన్‌గేమ్స్ బృందం చేసిన ఈ కొసరు మొదటి సగం కోటలో నడుస్తుంది. చేతిలో ఇనప పైపు ముక్కలు. వాటితోనే గోడలెక్కాలి, వాటితోనే నాజీల పని పట్టాలి. తుపాకీ లేని కాసేపు ఆడేవాడు నిజంగా ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. రెండో సగంలో చచ్చి లేచిన శవాలు వస్తాయి. రావుగారి జాబితాలో వాటికి "కొత్త శత్రువులు" అని టిక్కు పడుతుంది. కానీ తుపాకీ ఆటల్లో నడిచే శవాలకన్నా అరిగిపోయిన సరుకు ఏముంది? జాబితా మెచ్చుకున్న సగమే పాతగా ఉంది, జాబితాకి ఒక్క పైపుగా కనిపించిన సగం తాజాగా ఉంది.

మిగిలింది డబ్బు అభ్యంతరం. ఇక్కడ రావుగారు గట్టిగానే నిలబడతారు, నిలబడాలి కూడా. విడుదలైనప్పుడు ఓల్డ్ బ్లడ్ ధర అమెరికాలో 20 డాలర్లు, బ్లడ్ డ్రాగన్‌ది 15. ఓడీఎస్‌టీకి మాత్రం పెద్ద ఆటలా 60 డాలర్లు పెట్టారు, అప్పట్లో గోల జరిగింది అందుకే. కొసరుకి అసలు ధర అడిగితే నిలదీయడం కొనేవాడి హక్కు. అయితే ఖరీదు ఎక్కువన్నది ఒక మాట, కొత్తదనం లేదన్నది వేరే మాట. రెండింటినీ కలిపేస్తే ధర తగ్గిన రోజున తీర్పు కూడా మార్చుకోవాల్సి వస్తుంది, రావుగారు చేసేదీ అదే: ఏడాది తర్వాత డిస్కౌంటులో గుట్టుగా కొంటారు. కాబట్టి కొనేముందు తుపాకులు లెక్కపెట్టకండి. ఈ ఆట నా ఏ అలవాటుని చెడగొడుతోంది, ఆ ఒక్క మార్పు చివరిదాకా నిలబడేంత పొట్టిగా ఆట ఉందా, ధర ఆ పొట్టితనానికి తగ్గట్టుందా అని చూడండి. మూడింటికీ జవాబు సరిగా ఉంటే కొనండి. ఒక్కటి తప్పినా అసలు ఆటనే ఐదోసారి ఆడుకోండి, రావుగారు తోడుంటారు.