దస్తావేజుల బాబాయిగారు

అమ్మకమునకు పత్రము కావలెనని లోకమెల్ల నెఱుగును; దానమునకు సైతము పత్రము కావలెనని, అదియు సాక్షులిద్దరి చేవ్రాళ్లతో రిజిస్టరు కావలెనని, స్థిరాస్తి విషయమున 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము విధించియుండుటచేత, కృష్ణా డెల్టాలో రెండెకరముల మాగాణి గల ప్రతి గృహస్థునకును తెలియును. ఈ జ్ఞానమును పొలముగట్లు దాటించి కంప్యూటరులోనికి కొనిపోయిన మహనీయులు బెజవాడ సత్యనారాయణపురమున ఒకరు గలరు. ఓపెన్ సోర్సు ప్రపంచమున ఇట్టివారు పెక్కుచోట్ల దర్శనమిత్తురు గాని, మా బాబాయిగారికి వంశబలము కూడ కలదు. వారిది కరణీకపు ఇల్లు. కరణీకములు 1984లో రద్దయినవి కాని, రక్తములోని అడంగలు రద్దు కాలేదు.

తెలుగు వ్రాతలోని అక్షరదోషములను పట్టియిచ్చు ఒకానొక ఉచిత సాఫ్ట్‌వేరునకు ఎవరు ఏ సవరణ పంపినను, ముందుగా ‘సీఎల్ఏ’ అను అనుమతిపత్రముపై సంతకము చేయించి చిట్టాకెక్కించుట బాబాయిగారి కైంకర్యము. పెండ్లి శుభలేఖ వచ్చినను వారు ముహూర్తమునకు ముందు ఖతి యొక్క లైసెన్సు విచారింతురు; అది దివిసీమ నాయకులు మండలి వెంకట కృష్ణారావుగారి పేర వెలసిన ‘మండలి’ యైనచో, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కలదు గనుక, ప్రసన్నులై భోజనమునకు బయలుదేరుదురు.

కానూరులో ఇంజనీరింగు చదువు కుర్రవాడొకడు, ఆ సాఫ్ట్‌వేరు ‘విజయవాడ’ అను మాటనే తప్పుగా చూపుచుండుట కనిపెట్టి, ఒక్క అక్షరము దిద్ది పంపినాడు. తక్షణమే బాబాయిగారు కాపలా పెట్టిన ‘బాట్’ అను యంత్రభటుడు ఎఱ్ఱగుర్తు వేసి అడ్డగించెను.

“ఒక్క అక్షరమే కదండీ బాబాయిగారూ! గ్నూ ప్రాజెక్టు వాళ్లయినా పదిహేను లైన్లదాకా చూసీ చూడనట్టు పోనిస్తారటండీ.”

“వాళ్లకి సాగుతుంది. నీకు వయసెంతరా?”

1872 నాటి కాంట్రాక్టు చట్టము ననుసరించి మైనరు చేసిన ఒప్పందము చెల్లదు గనుక, 18 ఏండ్లు నిండుటకు మూడు నెలలు తక్కువైన ఆ బాలుడు మూడు నెలలు వేచియుండెను. ‘విజయవాడ’యు అంతకాలము తప్పుగనే యుండెను. తీరా ఈడు వచ్చునప్పటికి వాడు గన్నవరములో నొక కంపెనీలో కుదిరినాడు. 1957 నాటి కాపీరైటు చట్టపు 17వ సెక్షను ప్రకారము ఉద్యోగములో భాగముగా చేసిన పనికి, వేఱు ఒప్పందము లేనియెడల, యజమానియే హక్కుదారు. కావున ఆ అక్షరము వానిదా, కంపెనీదా యను మీమాంస మఱియొక నెల నడచెను. అటుపై 19వ సెక్షను: హక్కు బదలాయింపులో గడువు వ్రాయకున్న అయిదేండ్లు, ప్రాంతము వ్రాయకున్న భారతదేశము! “గడువు రాయకపోతే నీ అక్షరం ఐదేళ్లకి నీ ఇంటికొస్తుందిరా, అప్పుడు నేనేం కావాలి?” అని బాబాయిగారి వేదన.

వారికి అపాచీ ఫౌండేషను ఇలవేల్పు: హక్కు ఇచ్చినవానియొద్దనే నిలుచును, వాడుకకు మాత్రము అనుమతి లభించును, పేటెంటు భయము తీఱును. లినక్సువారు 2004 నుండి ‘ఇది పంపుటకు నాకు అధికారము కలదు’ అను ఒక్క పంక్తి ధ్రువీకరణతో సరిపెట్టుకొనుట బాబాయిగారి దృష్టిలో మంత్రము లేని పెండ్లి. జీసీసీ కంపైలరువారు 2021లో హక్కుల దఖలు తప్పనిసరి కాదనిన నాడు బాబాయిగారు ఉపవసించిరి. శంకించువారికి వీఎల్‌సీ అను వీడియో ప్లేయరు పురాణము చెప్పుదురు: లైసెన్సు మార్పదలచిన పాపమునకు, 2011-12 ప్రాంతమున, ఎన్నడో సవరణలు పంపిన వందలమందిని దేశదేశములలో వెదకి సమ్మతి నర్థింపవలసివచ్చెనట! “మరి హషికార్ప్ వాళ్లు 2023లో తమ టెర్రాఫార్మ్ సాఫ్ట్‌వేరు లైసెన్సు మార్చేశారు కదండీ? సీఎల్ఏ మీద సంతకాలు పెట్టినవాళ్లు ఏం చేయగలిగారు?” అని కుర్రవాడడిగినపుడు మాత్రము, కాఫీ చల్లారుచున్నదని లోనికి పోయిరి.

ఈ సందేహము పీడింపగా కుర్రవాడు పత్రమును ఆసాంతము చదివినాడు. అట్లు చదివినవాడు ఆ ప్రాజెక్టు చరిత్రలో మఱియొకడు లేడు. చదువగా, ‘హక్కు’ అను మాటకు ఒత్తు లోపించి ‘హకు’ అని యున్నది.

“తప్పున్న కాగితం మీద సంతకం పెట్టనండీ.”

“అయితే దిద్ది పంపరా!”

“దిద్ది పంపాలంటే ముందు సంతకం పెట్టాలి కదండీ?”

బాబాయిగారు వసారాలో నటునిటు పచారు చేసి, తుదకు గంభీరముగా కుర్చీలో కూర్చుండి, ఆ ఒత్తును స్వహస్తముతో చేర్చి పంపిరి. యంత్రభటుడు తడవు చేయక ఎఱ్ఱగుర్తు వేసెను: పంపినవారి సంతకము చిట్టాలో లేదు. చిట్టా తిరుగవేసి చూడగా భటుని మాటయే నిజమని తేలినది. అన్నేండ్లుగా అందఱి అక్షరములకును కాపలా కాయుటయే గాని, తామై ఒక్క అక్షరమైనను ఆ సాఫ్ట్‌వేరునకు ఇచ్చియుండకపోవుటచేత, బాబాయిగారికి సంతకముతో పని పడనేలేదు.