బుస్సీ దొరకి టోపీ పెట్టేదెవరు?

జనవరి వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రైవేటు బడుల్లో వార్షికోత్సవాల సందడి మొదలవుతుంది. బొబ్బిలి చుట్టుపక్కల ఏదో ఒక బడిలో బొబ్బిలి యుద్ధం నాటిక ఉండనే ఉంటుంది. బొబ్బిలి రాజు రంగారావుకి తలపాగా చుడితే చాలు. తాండ్ర పాపారాయుడికి కాటుకతో మీసం దిద్దితే చాలు. చిక్కల్లా బుస్సీ దొరతోనే. 1757 జనవరి 24న ఫిరంగులతో కోట మీద పడ్డ ఆ ఫ్రెంచి సేనానికి మూడు మూలల టోపీ కావాలి. అది ఎలా రావాలో బడివారి వాట్సాప్ సందేశం చెబుతుంది: కొనరాదు, అద్దెకు తేరాదు. ఫెల్టుతో, ఇంట్లోనే, బిడ్డ సృజనాత్మకత ఉట్టిపడేలా తయారు చేసి, ఎల్లుండి ఉదయానికి పంపవలెను.

ఎల్లుండి ఉదయానికి! బుస్సీ కూడా బొబ్బిలి వాళ్లకి కాస్త ఎక్కువ గడువిచ్చినట్టున్నాడు.

సందేశం కిందే ఓ వీడియో. అందులో గోళ్లకి రంగు చెదరని ఓ ఆవిడ, ఇంట్లో ఉన్న వస్తువులతోనే అయిదు నిమిషాల్లో ఫెల్టు టోపీ అని నవ్వుతూ మొదలెడుతుంది. ఇంట్లో ఉన్న వస్తువులంటే ఏమిటనుకున్నారు? గ్లూ గన్ను, నల్ల ఫెల్టు షీటు, బంగారు రంగు లేసు, నిప్పుకోడి ఈక. పాలకొండలోనో పార్వతీపురంలోనో ఏ ఇంటి అటక మీద వెతికినా నిప్పుకోడి ఈక దొరక్కపోదని ఆవిడ నమ్మకం. మన అటకల మీద ఉండేది ఆవకాయ జాడీ, విరిగిన ఫ్యాను, పెద్దబ్బాయి పదో తరగతి గైడ్లు.

స్టేషనరీ కొట్లో ఫెల్టు పేరుతో ఇచ్చే ఆ షీటు చాలా మటుకు పాలియెస్టరు. వేణ్ణీళ్లలో నానబెట్టి తలకి తగ్గట్టు సాగదీయమని వీడియో చెబుతుంది. ఆవిడ చెప్పినట్టే రాత్రి పదకొండింటికి బకెట్టులో నానబెడితే, తెల్లారేసరికి అది తడిసిన పాలియెస్టరు షీటుగా మారుతుంది. అంతకు మించి దానికేమీ చేతకాదు.

అసలు ఫెల్టు ఉన్నితో పుడుతుంది. ఉన్ని వెంట్రుక మీద కంటికి ఆనని పొలుసులుంటాయి. వేడి నీళ్లు, సబ్బు, రాపిడి తగిలితే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మళ్లీ వదలవు. నేత లేదు, కుట్టు లేదు. దూదిపింజలా ఏకిన ఉన్నిని పలచగా ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పేర్చి, సబ్బునీళ్లు చిలకరించి, రుద్ది, చాపలా చుట్టి దొర్లించి, విప్పి, మళ్లీ చుట్టి దొర్లించాలి. అది బాగా కుదించుకుపోతుంది కాబట్టి తలకన్నా చాలా పెద్దదిగా మొదలెట్టాలి. తర్వాత ఆవిరి పట్టి, తల ఆకారపు కొయ్యదిమ్మ మీదికి లాగి, తాడుతో బిగించి, అంచు ఇస్త్రీ చేసి, ఆరబెట్టి, గట్టిదనానికి లక్క పూయాలి. ఇది చేసేవాళ్లు చేతుల్లో ఒడుపు కుదరడానికి ఏళ్లు పట్టిందంటారు. మన బడి గడువులో ఒక ఆదివారం కూడా లేదు.

పోనీ, చేద్దామనే అనుకుందాం. ఉన్ని ఏదీ? మన కోస్తాలో మేపేవి ఎక్కువగా నెల్లూరు రకం గొర్రెలు. వాటి ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక, ఉన్ని కాదు. వాటిని పెంచేది కూరకి. తప్పెటగుళ్లు వాయించే గొల్లల్ని అడిగి చూడండి: "టోపీకి ఉన్నేటి బాబూ? మాంసం కావాలంటే ఆదివారం రండి" అంటారు. ఉన్ని గొర్రె కావాలంటే తెలంగాణ వైపు పోయి, గొంగడి నేసే కురుమల ఊళ్లో దక్కనీ గొర్రెని వెతుక్కోవాలి. మూడో తరగతి పిల్లవాడి టోపీ కోసం రాజాం నుంచి అంత దూరం! బుస్సీ హైదరాబాదు నుంచి వచ్చాడు కాబట్టి దారి ఆయనకి తెలుసు.

ఇంట్లోనే తయారు చేయడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ వీడియో కట్టేసి, ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు వెళ్లాలి. ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో, దాని సన్నటి పళ్లతో, కొండపత్తిని గింజ మీదే దువ్వుతారు. చెత్త పోయి పోగులన్నీ ఒక వరసలోకి వస్తాయి. ఆపైన గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, వాటికి మురికి తగలకుండా అరటిదొప్పలో పెట్టుకుని, నూరో నంబరు నూలు వడుకుతారు. అదీ ఇంటి పనే. నట్టింట్లో, వంటకీ వంటకీ మధ్య జరిగే పనే. కానీ అందులో ఒక్క దశని కూడా అయిదు నిమిషాలంటే పొందూరు అవ్వ ఎగాదిగా చూసి, "ఓలమ్మ! నీకు పనీ పాటా లేదేటి?" అంటుంది. వాళ్ల చేతి విలువ మనకి తెలుసు కాబట్టే ఆ నూలుతో నేసిన చీర కొనడానికి వెళ్లి బేరమాడతాం. టోపీ వీడియోకి మాత్రం నోరెత్తకుండా లైకు కొడతాం.

యూరప్, అమెరికాల్లో అయితే ఒకప్పుడు టోపీ పని మహా ఘోరం. మేలురకం టోపీలకి కుందేలు, బీవరు బొచ్చు వాడేవారు. ఆ బొచ్చు బాగా అతుక్కునేందుకు పాదరసం కలిసిన ద్రావకం పూసేవారు. ఆవిరి పీల్చిన పనివాళ్లకి చేతులు వణికేవి, మాట తడబడేది, మతి చలించేది. అమెరికాలో ఆ వాడకం ఆగడానికి 1941 డిసెంబరు దాకా పట్టింది. మన బడులు ఈ విషయంలో ఎంతో నయం. పాదరసం జోలికే పోకుండా, ఒక్క వాట్సాప్ సందేశంతో తల్లుల చేతులు వణికిస్తున్నాయి.

తల్లులు అన్నది ఊరికే కాదు. సందేశంలో 'తల్లిదండ్రులు' అని ఉంటుంది కానీ, గ్లూ గన్ను పట్టుకుని వేలు కాల్చుకున్న తండ్రి నాకింతవరకు కనబడలేదు. ఆయన పాత్ర మర్నాడు మొదలవుతుంది, వేదిక ముందు ఫోను పైకెత్తి వెనకవాళ్లకి అడ్డం నిలబడ్డంతో. పిల్లవాడి సృజనాత్మకత సంగతా? వాడు రాత్రి తొమ్మిదికే నిద్రపోయాడు. వేషాల పోటీలో న్యాయనిర్ణేతలు చివరికి మార్కులు వేసేది ఎవరి అమ్మ ఎక్కువ మేలుకుందన్న దానికి, లేదా ఎవరింట్లో విశాఖ వెళ్లి రెడీమేడు టోపీ తెచ్చి లేబులు పీకేసే తెలివి ఉందన్న దానికి. మొదటి బహుమతి ఎప్పుడూ రెండో రకానికే. ధ్రువపత్రం మీద మాత్రం 'స్వహస్తాలతో' అని ముద్రిస్తారు.

ఆగస్టు పదిహేనుకి ఇదే గోల భగత్‌సింగ్‌తో. ఆయన టోపీ కథ ఆ పిల్లలకి ఎవరైనా చెప్పారా? 1928 డిసెంబరులో బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్ హత్య తర్వాత లాహోరు నిండా పోలీసులు గాలిస్తుంటే, భగత్‌సింగ్ దొరబాబులా సూటూ టోపీ వేసుకుని, తోటి విప్లవకారిణి దుర్గాదేవి భార్యగా, ఆమె పసిబిడ్డ చంకన, రాజగురు నౌకరుగా, రైలెక్కి తప్పించుకున్నాడు. అంటే ఆ టోపీయే ఒక వేషం. పోలీసుల కన్ను కప్పిన వేషం. మనం దాన్ని హెడ్మాస్టరు కన్ను కప్పే వేషంగా దించేశాం. భగత్‌సింగ్ జైల్లో చదివిన పుస్తకాల్లో ఒక్కదాని పేరు అడగండి, వేదిక మీది బుల్లి భగత్‌సింగ్ టోపీ సర్దుకుంటాడు. గట్టిగా తల ఊపితే గ్లూ ఊడుతుందని వాళ్లమ్మ ముందే చెప్పి పంపింది.

ఇక్కడే నాకు అసలు ఒళ్లు మండేది. ఫెల్టు టోపీ లేని మనిషి ఈ పోటీల్లో మనిషే కాడు. గురజాడకి తలపాగా కాబట్టి ఎవరింట్లోనో చీర చుట్టేసి అయిందనిపిస్తారు. వరినాట్ల వానలో తలకి తాటాకు గిడుగు పెట్టుకుని వంగే రైతు వేషమంటే, 'అది మామూలే కదా మేడం' అని పక్కన పెడతారు. దాన్ని అల్లేవాడు ఊళ్లోనే ఉన్నాడు, తాటాకు గట్టు మీదే ఉంది, నిజంగా ఇంట్లో తయారయ్యే టోపీ అంటే అదొక్కటే. కానీ దానికి వీడియో లేదు, నిప్పుకోడి ఈక లేదు. పగటి వేషగాళ్లని పిలిచి వేషం కట్టే విద్య ఒక పూట చెప్పించండంటే, బడి ప్రతిష్ఠకి భంగమట. విజయనగరం దసరాకి పులివేషం వేసేవాడు ఒళ్లంతా రంగు పూయించుకుని గంటలకొద్దీ కదలకుండా నిలబడతాడు. వాడి ఓపిక మాత్రం ఎవరి సిలబస్సులోనూ లేదు.

అందుకే వచ్చే ఏడాదికి నాదొక విన్నపం. అన్ని బడులూ కలిసి ఒక్క వేషమే ప్రకటించండి: మన వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు. ఒంటికి గోచీ, ఛాతీకి ఇనుప గొలుసు. టోపీ అక్కర్లేదు, గ్లూ అక్కర్లేదు, గొలుసు ఏ ఇనుప సామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది. ఊపిరి బిగబట్టి ఆ గొలుసు తెంపడమొక్కటే పిల్లవాడు స్వయంగా చేయాల్సిన పని.

మీకు అనుమానం వద్దు. సాయంత్రానికల్లా బడి గ్రూపులో వీడియో వచ్చేస్తుంది, ఇంట్లో ఉన్న వస్తువులతోనే, అయిదు నిమిషాల్లో కండలు.