ముద్ర లేని సంచి

ఇంట్లో డిజైనర్ తోలు బ్యాగు కుట్టడానికి తోలు ముక్క, ఆరె, మైనపు దారం, రెండు సూదులు చాలు. ఆరె మొదటి పోటు తోలుకు, రెండోది బొటనవేలికి.

ఒకే బెజ్జంలో రెండు సూదులూ ఎదురెదురుగా దూరితే అది జీను కుట్టు. 1837లో గుర్రపు సామానుతో మొదలైన పారిస్ ఎర్మేస్‌దీ ఇదే కుట్టు. ఆ కంపెనీ నటి జేన్ బిర్కిన్‌కు చేసిచ్చిన తొలి బ్యాగు 2025లో వేలానికొస్తే 86 లక్షల యూరోలు పలికింది.

కమలాపురం పక్క బావి నీళ్లు తోడే కపిల బానకు తోలు తొండం కుట్టినోళ్లకు దక్కింది కళ్లంలో నాలుగు చేటల గింజలు. ఆ తొండం మడి తడిపింది. బ్యాగు ఫోనూ దువ్వెనా మోస్తుంది.

ఇంట్లో కుట్టినదానికి కంపెనీ ముద్ర ఉండదు. బస్టాండులో పలకరింపు మాత్రం ఉంటుంది: "ఏమ్మే, చెప్పులు కుట్టే సంచా?"