సంచి రంగును బట్టి నా సరుకు

ఆసుపత్రి చెత్త మోసే బండిని నేను. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ఆటో అతను ముక్కు మూసుకుంటాడు. నా పెట్టెకు తాళం వేసే ఉంటుంది. ఆ వాసనలో సగం నా ఒంటి మీది బయోహజార్డ్ గుర్తుదే. 2020లో ఫ్లైఓవర్ వచ్చి హైవే లారీలకు హాయి అయింది గానీ, నర్సింగ్‌హోమ్‌లన్నీ కిందే కదా, నా పాట్లు కిందే.

తెల్లారేసరికి సూర్యారావుపేట సందుల్లో ఉంటాను. వెనక గుమ్మం దగ్గర ఆయమ్మ సంచులు పెడుతుంది. మా హెల్పర్ బార్‌కోడ్ స్కాన్ చేసి, తూకం వేసి ఎక్కిస్తాడు. పసుపు సంచి కొలిమికి: దూది, కట్లు, కాలం చెల్లిన మందులు. ఎర్ర సంచిలోని సెలైన్ సీసాలు, గొట్టాలు కాల్చేవి కావు. ఆవిరితో శుద్ధి చేసి ముక్కలు చేస్తారు. 2016 నాటి ఆసుపత్రి చెత్త రూల్స్ చెప్పేదిదే.

ఓ రోజు పసుపు సంచి మరీ ఉబ్బుగా ఉంది.

"ఏంటి పిన్నీ, గొట్టాలు కూడా ఇందులోనే కుక్కావా?"

"ఎర్ర సంచులు అయిపోయాయి బాబూ. ఎలాగూ కాల్చేదేగా!"

కట్టిన సంచి విప్పి ఏరడం ప్రమాదం. చేసేది లేక ఎక్కించాడు.

పీవీసీ గొట్టంలో క్లోరిన్ ఉంటుంది. అది కాలితే, పొగ చల్లారే దారిలో డయాక్సిన్లనే విషాలు పుట్టే వీలుంది. అందుకే కొలిమి మొదటి గదిలో 800 డిగ్రీలు, రెండో గదిలో 1050 డిగ్రీల చుట్టూ వేడి ఉండాలి. పొగ ఆ రెండో గదిలో కనీసం 2 సెకన్లు నిలవాలి. కేన్సర్ మందులకైతే 1200 దాటాలి. అప్పుడైనా సిస్‌ప్లాటిన్ అనే కేన్సర్ మందులోని ప్లాటినం ఎక్కడికి పోతుంది? లోహం కదా, కాలి మాయమవదు. ఆ బూడిదను కూడా ఊరి చెత్తలో కలపకూడదు. ఇంధనం మిగుల్చుకుందామని కొలిమి వేడెక్కకముందే సంచులు వేస్తే ఈ లెక్కలన్నీ గాలికి పోయినట్టే.

నా గుబులు మాత్రం నాలోకి ఎక్కని సరుకు గురించి. వయల్‌లో మిగిలిన యాంటీబయాటిక్‌ను సింకులో పోస్తే దానికి బార్‌కోడ్ ఉండదు, తూకం ఉండదు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేశాక బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువ! అది ఫ్యాక్టరీల నీరు, ఆసుపత్రులది కాదనొచ్చు. నీళ్లలో మందుకు అలవాటుపడి మొండికేసే బాక్టీరియాకు ఆ తేడాతో పనేముంది?

"రేపట్నుంచి గొట్టాలు వేరే పెట్టు పిన్నీ, వాటి పొగ మంచిది కాదు" అని చెప్పి బండెక్కాడు మావాడు.

మర్నాటికీ ఎర్ర సంచులు రాలేదు. గొట్టాలన్నీ ఓ అట్టపెట్టెలో వేసి, పైన పెన్నుతో 'ఎర్రది' అని రాసి పెట్టింది పిన్ని.