కండక్టరు కుదిర్చిన సంబంధం

పదిహేను రోజులుగా నా జేబులో పరాయివాడి ముప్ఫై రూపాయలు ఉన్నాయి. చెప్పులో రాయిలా గుచ్చుతున్నాయి.

కోఠిలో బస్సెక్కాను. కండక్టరు యాభై నోటు నా చేతిలో పెట్టి, వెనకాల వేలాడుతున్న ఒకాయన్ని చూపించి, "సార్‌కి ముప్ఫై, మీకు ఇరవై, పంచుకోండి" అంటూ జనంలో కలిసిపోయాడు. చిల్లర నా దగ్గరుంటే కండక్టర్నెందుకు అడుగుతాను!

పెళ్ళి చేయాలంటే మన పెద్దలు గోత్రాలడుగుతారు, జాతకాలు చూస్తారు, మూడు తరాలు తవ్వుతారు. కండక్టరు ఒక్క చూపులో జత కలిపేస్తాడు. ముహూర్తం లేదు, భోజనాలు లేవు, నోటే మంగళసూత్రం. ఎవరు ముందు దిగాలన్నదే తొలి తగాదా. ఇంతకుముందోసారి చాదర్‌ఘాట్‌లో దిగాల్సిన నేను, నోటు పట్టుకున్న పెద్దాయన వెంట దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళాను. నోటు మార్చడానికి చెరో ఇరానీ చాయ్ తాగాం, చెరో సమోసా తిన్నాం. నాకు రావాల్సింది అందులోనే పోయింది. విడాకులు మాత్రం మర్యాదగానే జరిగాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఇక్కడి ఆడవాళ్ళకి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బుల్లేవు కనక, ఈ కాపురాలన్నీ ఇప్పుడు మగాళ్ళ మధ్యే.

సరే, మొన్నటి సంబంధానికొస్తాను. మలక్‌పేట వచ్చింది. నేనింకా చిల్లర అడుక్కుంటూనే ఉన్నాను. వెనక మెట్ల మీంచి గొంతు వినిపించింది: "ఉండనీ అన్నా, ఏం గాదు. మల్ల కలుస్తం గదా!" ఒక చెయ్యి ఊగింది. బస్సు కదిలింది.

ఎక్కడ కలుస్తాం? కోటిమంది ఊళ్ళో! నాకు నిజంగానే కోపమొచ్చింది. ఎగ్గొట్టినవాణ్ణయితే నాలుగు తిట్టుకుని నిద్రపోవచ్చు. మర్యాద చేసినవాణ్ణి ఏం చేస్తాం? నాలుగు రోజులు అదే వేళకి అదే బస్సెక్కి వెతికాను. ఆ టికెట్లకే ముప్ఫై దాటిపోయింది.

నిన్న రాత్రి తట్టింది, ఆయన ఎదురైనా గుర్తుపట్టలేనని. చాదర్‌ఘాట్ వంతెన మీద ట్రాఫిక్‌లో పావుగంట ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. ఆ పావుగంటా చిల్లర ఎవరిస్తారా అని బస్సులో అందరి మొహాలూ చూశాను, ఆయనది తప్ప.