నేను గడియారాల భూతద్దాన్ని

హైదరాబాద్ ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే ఒక ఉస్తాద్ కుడికంటి మీద నా కాపురం. నల్లటి చిన్న గొట్టంలో బిగించిన అద్దాన్ని నేను. వస్తువును అంగుళం దూరానికి తెస్తే పదింతలు పెద్దది చేసి చూపిస్తాను. నా ముందుకొచ్చే నకిలీల్లో ఎక్కువ వాటి మీద ఉండేది రోలెక్స్ పేరే.

సెకన్ల ముల్లు ఆగి ఆగి నడిస్తే నకిలీ, జారుతూ పోతే అసలు అని బజారంతా చెప్పుకుంటారు. ఆ మాట నమ్మి మోసపోయినవాళ్లను ఎందరినో చూశాను. నేటి రోలెక్స్ యంత్రాల్లో ఎక్కువవి గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు 8 సార్లు. అందుకే ముల్లు జారుతున్నట్టు కనిపిస్తుంది. కానీ నకిలీలో పెట్టే ఆటోమేటిక్ యంత్రమూ దాదాపు అలాగే నడుస్తుంది. పైగా 1977లో రోలెక్సే ఆయిస్టర్‌క్వార్ట్జ్ అని బ్యాటరీ గడియారం తెచ్చింది. దాని ముల్లు సెకనుకోసారి ఆగి కదులుతుంది. అదీ అసలుదే.

నా పని అక్షరాల దగ్గర మొదలవుతుంది. అసలు డయల్ మీద సిరా గట్టు కట్టినట్టు సమంగా నిలబడి ఉంటుంది, అంచులు తెగినట్టుంటాయి. నకిలీలో అంచు చెదురుతుంది, గీతల మధ్య సిరా చుక్కలు, దుమ్ము కణాలు దొరుకుతాయి. తేదీ మీది చిన్న అద్దం అంకెను రెండున్నర రెట్లు చేసి చూపాలి. చాలా నకిలీల్లో అంత పెద్దది కాదు. 2000ల తొలి ఏళ్ల నుంచి అద్దంలో 6 అంకె దగ్గర లేజర్‌తో చెక్కిన బుల్లి కిరీటం ఉంటుంది. మామూలు కంటికి అది సులువుగా కనబడిందంటే నాకు అనుమానమే. అంతకంటే పాత గడియారంలో అది లేకపోవడం మాత్రం తప్పు కాదు.

ఒకసారి దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన నిజామాబాద్ కుర్రాడు తేదీ ఉన్న రోలెక్స్ సబ్‌మెరైనర్ తెచ్చాడు. అక్కడ ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. చెల్లెలి పెళ్లికి అమ్మాలని వచ్చాడు. ఆకుపచ్చ డబ్బా, కార్డు, చైను బరువు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డయల్ మీద నాకూ వంక దొరకలేదు.

"ఎంతొస్తదన్నా?" అనడిగాడు.

"ముందు మూత తీసి చూద్దాం తమ్మీ," అన్నాడు ఉస్తాద్.

మూత లేవగానే తెలిసిపోయింది. బ్యాలెన్స్ చక్రం పక్కన వేగం సరిచేసే చిన్న మీట ఉంది. ఆ మోడల్‌లో 1988 నుంచి 2020 దాకా వాడిన 3135 యంత్రానికి ఆ మీటే ఉండదు. చక్రానికే అమర్చిన బంగారపు బుల్లి నట్లను తిప్పి వేగం దిద్దుతారు. పలకల అంచులు కూడా గరుకుగా, పాలిష్ లేకుండా ఉన్నాయి. కనబడే చోటల్లా ఖర్చు పెట్టి, కనబడని చోట మిగుల్చుకున్నారు. ఎడారి ఎండలో నెలల తరబడి పడ్డ కష్టం అలా పోయింది. ఆ కుర్రాడి ముఖం చూశాక నకళ్లు చేసేవాళ్ల మీద నాకు జాలి మిగల్లేదు.

ఇప్పుడు ఆ నట్లనూ నకలు చేస్తున్నారు. అసలు కేస్‌లో నకిలీ డయల్, అసలు యంత్రానికి నకిలీ చైను కలిపి సగం సగం గడియారాలూ అమ్ముతున్నారు. డబ్బాలు, కార్డులు విడిగా కొనుక్కోవచ్చు. అందుకే ఒక్క గుర్తు చూసి తేల్చడం నాకు సమ్మతం కాదు. అక్షరం, అద్దం, చెక్కుడు, యంత్రం, సీరియల్ నంబరు అన్నీ ఒకే కథ చెప్పాలి. ఒక్కటి అడ్డం తిరిగినా మా ఉస్తాద్ గడియారాన్ని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపమంటాడు.

నకిలీ ట్రేడ్‌మార్క్ సరుకు అమ్మితే మన 1999 చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. అయితే కేసు నడిచినా పోయిన డబ్బు త్వరగా చేతికి రాదు. సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన గడియారం కొనేవారు డబ్బు ఇవ్వకముందే తెలిసిన మెకానిక్ చేత వెనక మూత తెరిపించండి. మూత తీశాక నీళ్లు చొరబడకుండా రబ్బరు వాషర్ సరిచూయించి, ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత తీయడానికి ఒప్పుకోని వాడి దగ్గర మాత్రం కొనకండి.